నీలిమ కానరాని నీలగిరి
(చిత్రములు చెప్పిన చరిత్ర: తొమ్మిదవ భాగము)

గత భాగమున రాజా లాలా దీనదయాళుని జీవితమును ముచ్చటించుకొంటిమి. 1844లో సర్ధనాలో జన్మించి, ఇండోరులో కొలువు చేసి, 1885లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికిందరాబాదున స్టూడియో నెలకొల్పి, రాజమందిరముల మొదలు ఔరంగాబాదు జిల్లా కరువు పనుల వరకు ఈ రాజ్యమున కెమేరాకు అందిన సమస్తమును గాజుపలకల కెక్కించిన ఆ శిల్పికి ఇక్కడ దొరకని దృశ్యమొకటి కలదు. అది దొరల వేసవి విడిది పట్టణము. నిజాము రాజ్యమున కోటలున్నవి, గుట్టలున్నవి, వేటకు అనువైన అడవులున్నవి. నిర్మలు దాటి ఘాటు నెక్కినవారికి కొంత చల్లగాలియు దొరకును. కాని చలిమంట పొయ్యిలు గల బంగళాలు, చర్చి, సరస్సు, క్లబ్బు, గుర్రపు పందెముల మైదానము ఒక్కచోట కూడిన కొండ పట్టణము మాత్రము లేదు. చల్లదనము కావలెనన్నచో నిజాము ప్రభువే పరాయి ఏలుబడిలోని ఉదకమండలమున ‘సీడార్స్’ అను భవనమును ఉంచుకొనవలసి వచ్చెను. కనుక ఈ మారు మనమును రాజ్యపు పొలిమేర దాటి, దక్షిణముగా ప్రయాణము చేయుదము.

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము చొప్పదండి బజారులో నేల పెనమువలె కాలుచుండగా ఊటీ చిత్రముల చరిత్రను ఎత్తుకొన్నవానిని చూచి నవ్వువారు నవ్వవచ్చును. అయినను ఈ ప్రసంగము మనకు బొత్తిగా సంబంధము లేనిది కాదు. తెలుగునేలలో సగమునకు, అనగా సర్కారు జిల్లాలకును దత్తమండలములకును, 1870 ప్రాంతము నుండి సంవత్సరమున పలు మాసముల పాటు ప్రభుత్వము అనునది ఆ కొండమీదనే ఉండెను. గవర్నరు, ఆలోచనసభ సభ్యులు, కార్యదర్శులు, వారి వెంట గుమాస్తాలు, కాగితపు కట్టలు ఎండ ముదరకముందే మదరాసు నుండి బయలుదేరి పోయెడివి. గోదావరి కాలువ మరమ్మతు గాని, కడప జిల్లా శిస్తు తగ్గింపు గాని, ఉత్తరువు కావలెనన్నచో కాగితము ఆ కొండ ఎక్కి దిగవలసినదే. ఈ యేటేటి వలసపై మదరాసు పత్రికలు, సభలు ఎంత మొత్తుకొన్నను అది చాలకాలము ఆగలేదు. ఇక మన ఉత్తర తెలంగాణమునకు వచ్చిన సంబంధము వేరు. కరీంనగరు, జగిత్యాల వంటి ఊళ్ల పాత ఫోటో స్టూడియోలలో వధూవరులను నిలబెట్టిన పరదాలను గుర్తు తెచ్చుకొనుడు: వెనుక నీలికొండ, నడుమ చెరువు, ఒక ప్రక్క పాశ్చాత్యపు మెట్లకటకటాలు, ఆ మెట్లపై పూలకుండి. మన ఊరి గుట్టలలో ఏ గుట్టయు ఆ తీరున ఉండదు. ఆ పరదా చిత్రకారుడు ఊటీని చూచియుండడు. కాని ఊటీ చిత్రములు ఏదో ఒక రూపమున వానిని చేరియుండును.

చిత్రముల మాటకు పూర్వము కొండ మాట నాలుగు ముక్కలలో చెప్పవలెను. 1812లో కీస్, మక్మహన్ అను ఇరువురు సర్వే ఉద్యోగులు నీలగిరి నెక్కి వచ్చి నివేదిక వ్రాసిరి; దానిని ఎవరును పట్టించుకొన్నట్లు లేదు. 1818లో కోయంబత్తూరు కలెక్టరు కచేరీకి చెందిన విష్, కిండర్స్‌లీ అను యువకులు ఎక్కి, దిగివచ్చి, అక్కడి చలిని గూర్చి చెప్పగా, కలెక్టరు జాన్ సలివన్ 1819 జనవరిలో స్వయముగా బయలుదేరెను. ఆ చలికి అతడు పడిపోయెననియే చెప్పవలెను. 1822లో అక్కడ ‘స్టోన్ హౌస్’ అను రాతి బంగళాకు పునాది వేసెను. వాగుకు అడ్డుకట్ట కట్టించి 1825 నాటికి సరస్సును నిర్మించెను. నేల తోడవులు అను కొండజాతివారిది. ఎకరమునకు రూపాయి చొప్పున ఇచ్చి కొనెనని ప్రసిద్ధి. ఇంత చౌకగా కొన్న ఆ సలివనే తరువాతి కాలమున ఆ కొండపై తోడవుల భూస్వత్వమును ప్రభుత్వము గుర్తింపవలెనని పట్టుబట్టి వాదించెను గనుక, అతనిని ఒక్కమాటతో తూచివేయుట న్యాయము గాదు.

దత్తమండలముల రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనునంతగా అభిమానించిన సర్ థామస్ మన్రో, గవర్నరు హోదాలో 1826లో సలివనుకు అతిథియై ఈ కొండపై కొన్ని దినములు గడపెను. మరుసటి యేడు జూలైలో, పదవి విడిచి స్వదేశమునకు పోవుటకు ముందు తన పాత జిల్లాల ప్రజలను కడసారి చూడబోయి, పత్తికొండలో విషూచి సోకి మరణించెను. చల్లని కొండనుండి దిగివచ్చినవానిని ఎండసీమ పొట్టన పెట్టుకొన్నదని ఆనాటి దొరలు అనుకొని యుందురు. ఇట్టి మరణములే వారికి కొండలపై మోజును పెంచినవి. మైదానముల వేడినుండియు, బురదనేలల ‘చెడుగాలి’ నుండియు జ్వరములు పుట్టునని నమ్మిన కాలమది. పటాలములలో తుపాకిగుండు కంటె జ్వరమునకే ఎక్కువ మంది కూలుచుండిరి. కాబట్టి కొండ పట్టణము మొదట విలాసముగా గాక ఆరోగ్యశాలగా పుట్టినది. విలాసము వెనువెంటనే వచ్చి చేరినది.

మన తెలుగునేలపైనను ఇట్టి ప్రయత్నములు జరుగకపోలేదు. విశాఖపట్టణపు మన్యములో గాలికొండపై దొరలకు ఆరోగ్యస్థానమును నెలకొల్పజూచిరి. కొండజ్వరము వారికంటె ముందే అక్కడ కాపురమున్నందున ఆ యత్నము విఫలమైనది. మదనపల్లె చెంత ఏనుగు మల్లమ్మ కొండపై కడప కలెక్టరు హార్స్‌లీ పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున వేసవి ఇల్లు కట్టుకొనెను. కొండకు అతని పేరే స్థిరపడినది. కాని అది ఒక ఇల్లుగానే మిగిలినది, పట్టణము కాలేదు. పట్టణము లేని చోట చిత్రకారుడు లేడు, ఛాయాగ్రాహకుని దుకాణము లేదు. ఉదకమండలమునకు చిత్రసంపద ఇంతగా ఏర్పడుటకు కారణము అక్కడి అందము మాత్రమే కాదు. చిత్రములు కొనగల జనము ఏటేట అక్కడికి నడచివచ్చుటయే అసలు కారణము.

కెమేరా ఇంకను పుట్టని దినములలో ఆ కొండను చిత్రించినవారిలో కెప్టెన్ రిచర్డ్ బేరన్ ముఖ్యుడు. 1835లో కొంతకాలము అక్కడ నివసించి అతడు వ్రాసుకొన్న చిత్రములు 1837లో లండనులో పెద్ద పుస్తకముగా వెలువడినవి. వానిని రాగిరేకులపై చెక్కినవాడు రాబర్ట్ హావెల్. ఆడుబాన్ రచించిన అమెరికా పక్షుల మహాగ్రంథమునకు రేకులు చెక్కిన హస్తవాసి అతనిది. ఈ విద్య విధానము చూడదగినది. రాగిరేకుపై గుగ్గిలపు పొడిని సన్నగా రాల్చి, వేడిచేసి అంటించి, ఆమ్లమున ముంచుదురు. పొడి రేణువుల నడుమ సందులలో ఆమ్లము రాగిని తినివేయును. ఎంతసేపు తినిపించిన అంత గాఢమైన నీడ ఏర్పడును. సిరా పూసి అచ్చొత్తగా నీటిరంగు చిత్రము వంటి మృదువైన ఛాయలు కాగితముపై దిగును. అటుపై రంగులు ప్రతి ప్రతికిని చేతితో వేయవలసినదే. ఆ రంగులు వేసినవారు నీలగిరిని కంటితో చూచినవారు గారు. కాబట్టి వారి కుంచెలో పచ్చిక ఇంగ్లండు పచ్చికయైనది, మేఘములు ఇంగ్లండు మేఘములైనవి. బేరన్ గీతలో మాత్రము కొండ తన స్వరూపమును చాలవరకు నిలుపుకొన్నది. ఆ నున్నని కొండచరియలు, లోయ మడతలలో మాత్రమే గుబురుగా దాగిన చెట్ల గుంపులు, కట్టకు ఎగువ విశాలముగా పరచుకొన్న నీరు, దూరదూరముగా విసరివేసినట్లున్న తెల్లని బంగళాలు. ఈ చెట్లులేని చరియల సంగతి మనకు ముందు ముందు అవసరమగును గనుక పాఠకులు దీనిని మనసున ఉంచుకొందురుగాక.

ఇట్టి కొండమీదికి మనుష్యులు ఎట్లు చేరుచుండిరి? 1834లో గవర్నరు జనరలు బెంటింకు ఇక్కడ విడిదిచేసియుండగా, భారతదేశమున అప్పుడే దిగిన మెకాలే మదరాసు నుండి పల్లకిలో, మనుష్యుల భుజములపై ఇంతదూరము వచ్చెను. మరుసటి సంవత్సరము ఈ దేశపు చదువును గూర్చి అతడు వ్రాసిన పత్రము లోకవిదితమే. అతని పల్లకి మోసిన బోయీలలో ఎవరి పేరును ఎక్కడను నిలువలేదు. కాని తరువాతి కాలపు ఛాయాచిత్రములలో ఆ వర్గమువారు మనకు కనబడుదురు. మేనా ప్రక్కనో, రిక్షా కాడి చెంతనో, గుర్రపు కళ్లెము పట్టుకొనియో వారు నిలుచుందురు. బొమ్మ క్రింద అచ్చొత్తిన పేరు ఎప్పుడును లోపల కూర్చున్నవారిదే.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడిపలక విధానమును ప్రకటించిన పిమ్మట ఛాయాచిత్రకళ కొండ లెక్కుటకు సిద్ధమైనది. సిద్ధమైనదన్న మాటయే గాని, అది ఎంత ప్రయాసము! గాజుపలకను శుభ్రముగా తుడిచి, కొలోడియన్ అను జిగురును దానిపై పోసి, మూల మూలకు పారునట్లు చేతిలో వంచి త్రిప్పి, చీకటిగుడారములో వెండి నత్రితద్రావణమున ముంచి, తడి ఆరకముందే కెమేరాలో నిలిపి, చిత్రము తీసి, తడి ఆరకముందే మరల గుడారమునకు పరుగెత్తి మందులతో కడుగవలెను. మొత్తము వ్యవహారమునకు పావుగంట కంటె ఎక్కువ వ్యవధి లేదు. గాజుపలకలు, మందుల సీసాలు, గుడారము, ముక్కాలిపీట, నీటితిత్తులు – ఇన్నింటిని మోయుటకు కూలీల వరుస ఒకటి వెంట నడువవలెను. వెండితీగ నగిషీకి పేరుపొందిన కరీంనగరు సీమవారికి ఒక మాట ఆసక్తి కలిగించును: ఆనాటి ప్రతి చిత్రమునందలి నలుపు వెండియే. కంసాలి కుంపటిలో మెరయు లోహమే సన్నని రేణువులై, వెలుగు తాకిన చోట నల్లబడి నిలిచినది. చిత్రమును ముద్రించు కాగితమునకు కోడిగ్రుడ్డు తెల్లసొన పూసెడివారు. మనకు కనబడు పాత చిత్రముల తేనెవన్నె ఆ తెల్లసొన ముదిరినందున వచ్చినదే.

ఈ తడిపలకకు పుట్టుకతో వచ్చిన దోషమొకటి కలదు. దానికి నీలవర్ణము తప్ప తక్కిన రంగులు దాదాపు కనబడవు. నీలము మీద అది అతిగా స్పందించి, ముద్రణలో ఆ చోటునంతయు తెలుపు చేయును. ఎరుపును ఆకుపచ్చను నల్లని నీడలుగా చూపును. కొండ చూచి ‘నీలగిరి’ అని పేరు పెట్టిన దేశమున, ఆ కొండకు ప్రాణమైన దూరపు నీలిమ ఛాయాచిత్రములలో పలుచని తెల్లపొగయై కరగిపోవుట గొప్ప వింత. దొడ్డబెట్ట శిఖరమునకు వెనుక ఆకాశము వట్టి కాగితమే. అందుచే పలువురు ఛాయాగ్రాహకులు వేరొక దినము తీసిన మబ్బుల పలకను తెచ్చి అదే కాగితముపై పై భాగమున అచ్చొత్తి ఆకాశమును అతికించెడివారు. చర్చిపై ఒక ఋతువు వెలుగు, దాని మీది మబ్బులపై మరియొక ఋతువు వెలుగు! పాత చిత్రము కనబడగానే ‘ఇది కంటితో చూచినట్టి సత్యము’ అని చేతులు జోడించువారు ఈ సంగతి ఎరుగుట మంచిది.

ఉదకమండలమున ఈ విద్యను వృత్తిగా సాగించినవారిలో మదరాసు నికొలస్ సోదరుల పేరును, ఆల్బర్ట్ పెన్ పేరును ముందు చెప్పవలెను. బోర్న్ అండ్ షెపర్డ్ వంటి మహాసంస్థల కెమేరాలు కూడ ఈ కొండపై తిరిగినవి. కాని అవి అతిథుల కెమేరాలు. పెన్ అట్లు గాక కౌమారమున 1860 దశాబ్ది నడుమ ఈ దేశమునకు వచ్చి, ఊటీలోనే స్టూడియో పెట్టి, దశాబ్దముల తరబడి అక్కడనే నివసించి, 1924లో మరణించెను. అతని చిత్రములలో కొండ పట్టణపు సమస్త జీవితమును దొరకును: గవర్నరు విందులు, చిత్రవేషముల నాట్యసభలు, వేటకుక్కల మందలు, బజారు, సరస్సు, సెయింట్ స్టీఫెన్స్ చర్చి. ఈ చర్చి వెడల్పైన ముఖమును చూపు చిత్రములు లెక్కకు మిక్కిలి. అవి చూచువారికి తెల్లని గోడలును గోపురమును కనబడును. లోపలి దూలముల కథ కనబడదు. 1829లో పునాది పడి, మరుసటి యేడు నవంబరులో ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయపు దూలములు శ్రీరంగపట్టణమున టిప్పు సుల్తాను భవనమును కూల్చి తెచ్చినవి. ఓడిన రాజు ఇంటి కలపను ఏనుగులతో ఈడ్పించి కొండపైకి చేర్చిరి. చిత్రమునకు పట్టని చరిత్ర ఇట్లు కప్పు క్రింద దాగియుండును.

ఇక చిత్రముల నన్నింటిని ఒక్కమారు పరచుకొని, సంవత్సరములను సరిపోల్చినప్పుడు కలుగు బాధను చెప్పకతప్పదు. 1876 నుండి 1878 వరకు మదరాసు రాజధానిని మహాక్షామము దహించినది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలో ఊళ్లకు ఊళ్లే ఖాళీయైనవి. లక్షలాది జనులు ఆకలికిని, ఆకలి వెంట వచ్చిన వ్యాధులకును బలియైరి. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. కరువు కూలీలచేత త్రవ్వించి, పూర్వమున్న తీరపు కాలువలను కలిపి, కృష్ణాడెల్టా దాక నడిపించిన కాలువకు అతని పేరే పెట్టిరి. నెల్లూరు, ప్రకాశము సీమలవారికి బకింగ్‌హాం కాలువ సుపరిచితము. అదే ప్రభువు, అదే 1877లో, ఉదకమండలపు తోటల ఎగువ నూతనముగా గవర్నరు భవనమును కట్టించుటకు పూనుకొనెను. ఆ భవనమును తరువాతి ఛాయాగ్రాహకులు తీసిన చిత్రములు చాల అందముగా ఉండును: ముందు పచ్చికబయలు, స్తంభముల ముఖశాల, మెట్లపై వరుసగా నిలిచిన దొరలు, దొరసానులు. సరిగా ఆ క్షామకాలమున విలోబీ వాలెస్ హూపర్ అను సైనికోద్యోగి మైదానమున కెమేరా పట్టుకొని, ఎముకలగూడులైన మనుష్యులను గుంపులుగా కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. చిత్రము తీసి, గుక్కెడు గంజియైన పోయలేదని అతనిపై నింద వచ్చినది. హూపర్ చిత్రములలోని మనుష్యులును, ఊటీ భవనపు మెట్లపై మనుష్యులును ఒకే ప్రభుత్వమునకు లోబడినవారు, ఒకే వెండిద్రావణమున కడుగబడినవారు. ఆల్బములు మాత్రము వేరు.   క్షామచిత్రములను గూర్చి ప్రత్యేకముగ వ్రాయవలసినది చాల ఉన్నందున ఇక్కడ ఇంతటితో విరమించుచున్నాను.

కొండకు అసలు యజమానులైన తోడవుల చిత్రములు ఇంకొక రకము. 1832లో కెప్టెన్ హార్క్‌నెస్ వారిని గూర్చి పుస్తకము వ్రాసిననాటి నుండి దొరలకు వారిపై ఎనలేని కుతూహలము. ఎత్తైన విగ్రహము, నిడుపు గడ్డము, భుజమున వేసికొన్న దుప్పటి చూచి వారిలో పురాతన రోమనులను చూచినవారు కొందరు, బైబిలు కాలపు వంశములను ఊహించినవారు మరికొందరు. కపాలపు ఎత్తుపల్లములను తడిమి మనిషి గుణమును నిర్ణయింపవచ్చునను ఒక వెర్రిశాస్త్రము ఆ శతాబ్దమున ప్రబలియుండెను. దానిని నమ్మిన కర్నలు మార్షల్ తోడవుల నడుమ తిరిగి, 1873లో ఛాయాచిత్రములతో కూడిన గ్రంథమును ప్రకటించెను. శాస్త్రము ఎప్పుడో గాలిలో కలిసినది. చిత్రములు నిలిచినవి. సగము కోసిన పీపావలె వంగిన గుడిసెకప్పు, మోకాళ్లపై ప్రాకి దూరవలసిన చిన్న ద్వారము, ఎదుట రాతిగోడ దొడ్డి, దానిలో పెద్దకొమ్ముల ఎనుములు, వీనిని ఇప్పుడు చదువుకొన్న తోడ యువకులు తమ ఇంటి దస్తావేజులుగా చూచుకొనవచ్చును. ఒక సంగతి మాత్రము గమనింపదగినది. తడిపలకకు కొన్ని క్షణములపాటు కదలక కూర్చుండవలెను. అందుచే ఆ చిత్రములలో తోడవులందరును బిగుసుకొని, చూపు నిలిపి, నవ్వక ఉందురు. దానిని చూచి ‘గంభీరప్రకృతి గల జాతి’ అని వ్రాసిన రచయితలు ఉన్నారు. అదే విధానమున తీసిన దొరల గంభీరతను మాత్రము ఎవరును జాతిలక్షణముగా వ్రాయలేదు.

1899 జూన్‌లో మెట్టుపాళెము నుండి కూనూరు వరకు పళ్లచక్రపు రైలు నడచినది. 1908లో అది ఉదకమండలమును చేరినది. 46 కిలోమీటర్ల దారిలో 208 మలుపులు, 250 వంతెనలు, 16 సొరంగములు. కల్లారు దాటిన పిమ్మట ప్రతి పండ్రెండు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కుడు. ఈ రైలుతో ఊటీ చిత్రముల విపణి మారిపోయినది. అంతవరకు తోలు అట్టల ఆల్బములలో ఉన్న కొండ అణాకు కొనదగిన కార్డుముక్కపై దిగినది. 1902లో ఇంగ్లండున కార్డు వెనుకభాగమును రెండుగా చీల్చి చిరునామా ప్రక్కనే జాబు వ్రాయుటకు అనుమతించిన పిమ్మట, ముందువైపు సంపూర్ణముగ చిత్రమునకే మిగిలినది. మదరాసులో హిగ్గిన్‌బాతమ్సువారు, వీలీ అండ్ క్లీన్ సంస్థవారు, లండనులో టక్ సంస్థవారు ఊటీ కార్డులను అమ్మిరి. ఆ కాలపు రంగుకార్డులలో పెక్కు జర్మనీ అచ్చుకూటములలో ముద్రితమైనవి. నలుపు తెలుపు చిత్రమును చూచి అక్కడి పనివాడు తోచిన రంగు వేసెను. కొన్ని కార్డులలో సరస్సుపై ఆకాశము గులాబివన్నె, మరికొన్నింట చర్చి కప్పు ఇటుకవన్నె. బేరన్ పుస్తకమునకు లండనులో జరిగినదే ఇప్పుడు లక్షల ప్రతులలో జర్మనీలో జరిగినది. ఈ కార్డులు, వీనిని పోలిన క్యాలెండరు బొమ్మలే, మన స్టూడియో పరదాల వంశమునకు మూలపురుషులు.

ఇప్పుడు మొదట మనసున ఉంచుకొండని కోరిన చెట్లులేని చరియల సంగతికి వత్తము. బేరన్ చిత్రములను, తొలినాటి నికొలస్, పెన్ చిత్రములను ఒకవైపు, నేటి ఊటీని ఒకవైపు ఉంచినచో కంటికి కొట్టవచ్చినట్టు కనబడు భేదము భవనములది కాదు, చెట్లది. సుమారు 2,240 మీటర్ల ఎత్తున నీలగిరి సహజస్వరూపము గడ్డిమైదానము. షోలా అను పొట్టిచెట్ల చిట్టడవులు లోయ మడతలలో మాత్రమే ఉండును. గడ్డి వానను పీల్చి నేలలోనికి దింపును. షోలా దానిని ఏడాది పొడుగున వాగులకు వదలును. దొరలకు ఈ బోసిచరియలు కంటికి నచ్చలేదు. చలిమంటలకు వంటచెరకు కొరతయు మెండయ్యెను. 1830, 40 దశాబ్దములలో ఆస్ట్రేలియా తుమ్మజాతులను, 1843లో కెప్టెన్ కాటన్ చేత యూకలిప్టసును తెప్పించి నాటించిరి. 1848లో ఉద్యానవేత్త మెకైవర్ చేతికి వచ్చిన ప్రభుత్వోద్యానము నుండి ఇంకెన్నియో విదేశీ మొక్కలు బయలుదేరినవి. 1860 దశాబ్దిలో సింకోనా తోటలు వచ్చినవి. ఆ బెరడునుండి తీసిన క్వినైను మన పల్లెల జ్వరరోగులకు చేరినందున ఆ తోటలను నిందింప మనసొప్పదు. స్వరాజ్యము వచ్చిన తరువాత కూడ తోలుపరిశ్రమకును, కృత్రిమపట్టు (రేయాన్) పరిశ్రమకును పనికివచ్చునని అడవిశాఖవారు గడ్డిమైదానములను దున్ని ఈ చెట్లనే నింపిరి. నేడు యాత్రికులు ‘ప్రకృతి’ యని పరవశించు ఆ యూకలిప్టసు నీడలు పాత చిత్రములలో లేనేలేవు. ఇప్పుడు ఎక్కడెక్కడ గడ్డిని మరల పెంచవలెనో నిర్ణయించు శాస్త్రజ్ఞులకు ఆ పాత చిత్రములు సాక్ష్యములు. సరస్సు సంగతియు అట్టిదే. గుర్రపు పందెములు నడచిన మైదానము, నేడు బస్సులు నిలుచు తావు తొలిచిత్రములలో నీటి క్రింద ఉన్నవి. తమ ఇంగ్లండును కొండపై కట్టుకొన్నామని చాటుటకు దొరలు తీయించిన చిత్రములు, అది కట్టకముందున్న కొండను అనుకోకుండ మనకు అప్పగించినవి.

జ్వరమునకు ఎత్తైన చోటే మందు అను నమ్మకము ఏమైనదో చెప్పి ముందుకు పోవుదము. 1897 వేసవిలో సికిందరాబాదు పటాలపు వైద్యుడు రోనాల్డ్ రాస్ మలేరియా పరిశోధనకై ఊటీకి చెంతనున్న సీగూరు ఘాటునకు పోయి, ఆ ఘాటులోనే తాను మలేరియా పాలయ్యెను. కోలుకొని తిరిగివచ్చి, అదే ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో దోమ కడుపున ఆ రోగబీజమును కనుగొనెను. చెడుగాలి సిద్ధాంతము ఆనాటితో పడిపోయినది. అప్పటికి ఊటీలో క్లబ్బులు, రాజులభవనములు స్థిరపడియుండెను గనుక, కారణము పోయినను పట్టణము పోలేదు. విజయనగరపు రాజులు సైతము ఎల్క్ హిల్‌పై మేడ కట్టుకొన్నారు.

1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్రము ఏర్పడుటతో తెలుగు జిల్లాల కాగితములు ఊటీ దారి పట్టుట శాశ్వతముగ నిలిచినది. చిత్రముల బంధము మాత్రము ఇంకొక తీరున సాగినది. 1960లో కేంద్రప్రభుత్వము హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అను సంస్థను స్థాపించి, దాని కర్మాగారమునకు ఉదకమండలమునే ఎన్నుకొన్నది. ఫిల్ము తయారీకి ధూళి లేని గాలి, చల్లదనము, మంచినీరు కావలెను గదా. 1967లో ఉత్పత్తి మొదలైనది. ‘ఇందు’ అను పేరుతో వెలువడిన ఆ నలుపు తెలుపు ఫిల్ము, ముద్రణ కాగితము, ఎక్స్‌రే ఫిల్ము దేశమంతటను వ్యాపించినవి. చొప్పదండి వంటి ఊళ్లలో పెండ్లిచిత్రములు, పదవ తరగతి హాల్‌టికెట్టుకు అంటించిన ముఖములు, జిల్లా ఆసుపత్రిలో విరిగిన ఎముకల నీడలు పెక్కు ఏండ్లు ఈ కొండ గాలిలో తయారైన పొరలపైననే పడినవి. పెన్ కాలమున గాజుపలకలు ఇంగ్లండు నుండి ఓడలో వచ్చి కొండ ఎక్కెడివి. ఇప్పుడు ఫిల్ము డబ్బాలు కొండ దిగి ఊరూరికి వచ్చినవి. రంగుల ఫిల్ము పోటీని తట్టుకొనలేక, 1996లో ఆ సంస్థ ఖాయిలా పరిశ్రమగా ప్రకటింపబడినది. ఆ వెనుక డిజిటల్ కెమేరా వచ్చి మిగిలిన గిరాకీని కూడ తీసికొనిపోయినది. కార్మికులు బయటికి వచ్చిరి, యంత్రములు ఆగిపోయినవి. 

వచ్చు భాగమున హూపర్ క్షామచిత్రములను, ఆనాటి కర్నూలు, కడప సీమల స్థితిని వివరింతును.